పేరు చెప్పకపోయినా మనిషి తెలిసిపోయే ఊళ్ళో: సైకాలజిస్టుల నైతిక నిర్ణయాలు, సహవృత్తి సంప్రదింపులు

అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల ఉందనుకుందాం. హాస్టల్లో ఉంటూ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న 16 ఏళ్ళ అమ్మాయిని వార్డెన్ వెంటబెట్టుకొచ్చి, కళాశాల నియమించుకున్న సైకాలజిస్టు గదిలో కూర్చోబెట్టి వెళ్తుంది. అమ్మాయి చాలాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయి, చివరికి నోరు విప్పుతుంది. వారాంతపు పరీక్షల్లో ర్యాంకు పడిపోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని, బతకాలనిపించడం లేదని చెబుతుంది. చెప్పిన మరుక్షణమే, "మా నాయనకు మాత్రం చెప్పొద్దండి మేడమ్, అప్పు చేసి ఫీజు కట్టినాడు" అని బతిమాలుతుంది. అరగంట తర్వాత ప్రిన్సిపాల్ ఫోన్ చేసి ఆ అమ్మాయి సంగతేమిటో రాసిమ్మంటాడు. జీతం ఇచ్చేది కళాశాల కనుక ఆయన దృష్టిలో అది న్యాయమైన కోరికే. సాయంత్రానికి తండ్రి ఫోన్ కూడా వస్తుంది. బిడ్డ సరిగ్గా మాట్లాడటం లేదని, ఏమైందో చెప్పమని అడుగుతాడు.

ఆ సైకాలజిస్టు ముందున్నది మంచికీ చెడుకీ మధ్య ఎంపిక కాదు. అమ్మాయి నమ్మి చెప్పిన మాటను కాపాడటం మంచిదే, ఆమె ప్రాణాన్ని కాపాడటమూ మంచిదే, బిడ్డ గురించి తెలుసుకునే హక్కు తండ్రికి ఉందనడమూ నిజమే. ఈ మంచి పనులే ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. మానసిక చికిత్సా రంగంలో నైతిక సమస్యలు చాలావరకు ఇలాంటివే. క్లయింటుతో లైంగిక సంబంధం పెట్టుకోవచ్చా, డబ్బు తీసుకుని దొంగ సర్టిఫికెట్ ఇవ్వవచ్చా అన్న ప్రశ్నలకు ఆలోచన అక్కర్లేదు, అవి ముందే నిషిద్ధాలు. ఆలోచన కావలసింది మంచితో మంచి తలపడిన చోటే. అలాంటి చోట ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదని, మరో నిపుణుణ్ణి అడగడం చేతగానితనం కాదని, అది వృత్తిలో భాగమని ఈ వ్యాసంలో చెప్పదలచాను. అయితే కర్నూలు, అనంతపురం, కడప లాంటి ఊళ్ళలో ఆ అడగడానికే నిర్ణయానికి పట్టినంత జాగ్రత్త పడుతుంది. మన దగ్గర ఈ రెండో సగాన్ని పట్టించుకునేవారు తక్కువ.

చట్టం ఎంతవరకు తేలుస్తుంది

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్, మానసిక అనారోగ్యంతో ఉన్న వ్యక్తికి తన ఆరోగ్య, చికిత్స వివరాలపై గోప్యత హక్కు ఉందని, చికిత్స చేసే నిపుణులు దాన్ని కాపాడి తీరాలని చెబుతుంది. ఆ వెంటనే మినహాయింపులనూ చెబుతుంది. ఆ వ్యక్తి తరఫున బాధ్యత వహించే ప్రతినిధికి ఆ బాధ్యత నెరవేర్చడానికి కావలసిన వివరాలు ఇవ్వవచ్చు. చికిత్సలో పాలుపంచుకునే ఇతర నిపుణులకు ఇవ్వవచ్చు. ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం తప్పించడానికి, కోర్టు లేదా చట్టబద్ధ సంస్థ ఆదేశించినప్పుడు, ప్రజా భద్రత కోసం కూడా వెల్లడించవచ్చు. హాని, ప్రాణాపాయం ఉన్న సందర్భాల్లో సైతం ఆ ప్రమాదాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలన్న షరతు ఆ సెక్షన్‌లోనే ఉంది. తలుపు తెరవవచ్చు కదా అని ఇల్లంతా చూపించడానికి వీల్లేదు.

మైనర్ విషయంలో చట్టబద్ధ సంరక్షకుడే ప్రతినిధి కనుక తండ్రికి ఈ చట్టంలో స్థానం ఉంది. ప్రిన్సిపాల్‌కు మాత్రం లేదు. జీతం ఇస్తున్నాం కాబట్టి వివరాలు మావే అన్న వాదనకు ఈ మినహాయింపుల్లో ఎక్కడా చోటు దొరకదు. హాస్టల్లో రాత్రిపూట తోడు ఉంచడం, పరీక్షల నుంచి కొన్నాళ్ళు వెసులుబాటు ఇవ్వడం లాంటి ఏర్పాట్లకు కళాశాల సాయం కావాలంటే, ఆ ఏర్పాటుకు సరిపడే రెండు మాటలు చెబితే చాలు. ఆ అమ్మాయి ఏం చెప్పిందో, ఇంట్లో అప్పులెన్నో రాసివ్వడం ఆ రెండు మాటల్లోకి రాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ చట్టం ప్రధానంగా మానసిక అనారోగ్యానికి సంరక్షణ, చికిత్స ఇచ్చేవారిని ఉద్దేశించింది. క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలి రిజిస్టరులో నమోదవుతారు. ఇతర సైకాలజిస్టులను, కౌన్సెలర్లను అనుబంధ ఆరోగ్య వృత్తుల పరిధిలోకి తెచ్చిన చట్టం 2021లో వచ్చింది. ఎం.ఏ. సైకాలజీ చదివి కళాశాలలో కౌన్సెలర్‌గా చేరినవారు, ఈ సెక్షన్ నాకు వర్తించదేమో అని అనుకునే ఆస్కారం ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, తన మాట విన్నవారి రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో ఆ అమ్మాయికి తెలియదు, తెలియనక్కరలేదు. గోప్యత బాధ్యత ఇద్దరికీ సమానమేనని నా నమ్మకం.

అదే అమ్మాయి నిద్ర పట్టకపోవడానికి కారణం ర్యాంకు కాదని, ఎవరో తన మీద చేయి వేశాడని చెప్పి ఉంటే దారి పూర్తిగా మారిపోతుంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా, ఆ సంగతి తెలిసిన ఎవరైనా సరే స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపాలి. తెలపకపోవడం 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే నేరం. గోప్యత పేరుతో దీన్ని దాటవేయడం కుదరదు. 17 ఏళ్ళ విద్యార్థిని తన ప్రేమ వ్యవహారం చెప్పుకున్నా, 18 ఏళ్ళలోపు సమ్మతికి ఆ చట్టం దృష్టిలో విలువ లేదు కనుక, సైకాలజిస్టు ఇరుకున పడతాడు. అందుకే గోప్యతకు ఉన్న హద్దులను కథ మొదలవకముందే చెప్పాలి. అంతా విన్నాక, ఇది నేను దాచలేనమ్మా అనడం నమ్మి చెప్పిన బిడ్డను మోసగించినట్టే అవుతుంది.

పోక్సోలో చెప్పడం తప్పనిసరి. 23వ సెక్షన్‌లోని మినహాయింపులు మాత్రం చెప్పడానికి అనుమతిస్తాయే గాని ఎప్పుడు చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో నిర్దేశించవు. అక్కడి నుంచి వృత్తి నీతి మొదలవుతుంది.

సూత్రాలు తలపడినప్పుడు

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన మొదటి నైతిక నియమావళిని 1953లో వెలువరించింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2002లో ఆమోదం పొంది, 2010లోనూ 2016లోనూ సవరణలు పొందిన నియమావళి. మేలు చేయడం, కీడు చేయకపోవడం, నమ్మకాన్ని నిలబెట్టుకోవడం, నిజాయితీ, న్యాయం, మనుషుల హక్కులనూ గౌరవాన్నీ మన్నించడం అన్న సూత్రాలు అందులో ఉన్నాయి. అవి తమలో తాము తలపడితే దేనిది పైచేయి అన్న వరుసను మాత్రం అది ఇవ్వదు. 1986లో మొదట వెలువడిన కెనడా సైకాలజిస్టుల నియమావళి ఆ సాహసం చేసింది. మనుషుల గౌరవం మొదటిది, బాధ్యతాయుతమైన సంరక్షణ రెండోది, సంబంధాల్లో నిజాయితీ మూడోది, సమాజం పట్ల బాధ్యత చివరిది. అయితే ఒకరి ప్రాణానికి స్పష్టమైన, తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు ఈ వరుస మారవచ్చని కూడా అదే చెప్పింది.

కెనడా నియమావళిలో నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది, నిర్ణయానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నల క్రమం. ఈ నిర్ణయం ఎవరెవరిని తాకుతుంది, ఏయే సూత్రాలు ఇందులో ఉన్నాయి, ఏయే దారులున్నాయి, ఒక్కో దారిలో ఎవరికి ఏం జరగవచ్చు, ఎంచుకున్నాక ఫలితాన్ని ఎలా గమనించాలి అన్న ప్రశ్నలు ఎవరికైనా తడతాయి. వాటి మధ్యలో ఉన్న ఒక ప్రశ్న మాత్రం తనంతట తాను తట్టదు: ఈ నిర్ణయంలో నా స్వార్థం, నా పక్షపాతం, నా ఒత్తిడి ఎక్కడున్నాయి? మన సైకాలజిస్టుకు జీతం కళాశాల నుంచి వస్తుంది. వచ్చే ఏడాది ఆ ఒప్పందం కొనసాగాలంటే ప్రిన్సిపాల్ మెప్పు కావాలి. ఆమెకూ ఇంటర్ చదివే కూతురు ఉంటే, ఆ తండ్రి గొంతులో తన భయమే వినిపించవచ్చు. ఈ రెండూ ఆమె తీర్పును ఏ వైపు లాగుతున్నాయో ఆమెకే కనిపించదు. బయటి మనిషి అవసరం ఇక్కడ పడుతుంది.

అడగడం అంటే ఏమి అడగడం

సంప్రదింపు, పర్యవేక్షణ, రెఫరల్ అనే మూడింటినీ కలిపేయకూడదు. పర్యవేక్షణలో ఉన్న ట్రైనీ పనికి పర్యవేక్షకుడు కూడా జవాబుదారీ. రెఫర్ చేసినప్పుడు చికిత్స మరొకరి చేతికి వెళ్తుంది. సంప్రదింపులో సలహా ఇచ్చినవారు సలహాతో ఆగుతారు, నిర్ణయమూ దాని పర్యవసానమూ అడిగినవారివే. "సీనియర్‌ను అడిగాను, ఆయన అలా చెప్పారు" అన్నది తర్వాత సమాధానంగా పనికిరాదు.

ఇలాంటి కేసు వచ్చింది, ఏం చేయమంటారు అని అడిగితే వచ్చేది నాలుగు మామూలు మాటలే. అడిగేవారు ముందు తమ ఆలోచన ముందుపెట్టాలి. ఆత్మహత్య ఆలోచన గురించి నేరుగా అడిగాను, ఆలోచన ఉంది గాని పథకం లేదు, ఇంతకు ముందు ప్రయత్నం లేదు, హాస్టల్లో నమ్మకమైన స్నేహితురాలు ఉంది, అందుచేత ప్రమాదాన్ని మధ్యస్థంగా అంచనా వేశాను. తండ్రికి చెప్పక తప్పదనుకుంటున్నాను, కాని అమ్మాయితో ముందు మాట్లాడి, ఆమె పక్కన ఉండగా, ఆమె ఒప్పుకున్న మాటల్లో చెప్పాలనుకుంటున్నాను. ఇందులో నేను గమనించనిదేమైనా ఉందా? ఇలా అడిగితే వినేవారు తప్పు పట్టగలుగుతారు. "స్నేహితురాలు ఈ శనివారం ఇంటికి వెళ్తే ఆ రెండు రాత్రులు ఎవరుంటారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, అంచనా మొత్తం మళ్ళీ చూసుకోవలసి వస్తుంది. సంప్రదింపు వల్ల దక్కేది ఆ ప్రశ్నే. నిర్ణయం తీసేసుకుని, అవునని అంటారని తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేయడం సంప్రదింపు కాదు, ధైర్యం చెప్పించుకోవడం మాత్రమే.

ఎవరిని అడగాలన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. మందులు అవసరమా అన్నది సైకియాట్రిస్టును అడగవలసిన మాట. పోక్సో కింద ఈ సంగతి తెలపాలా అన్నది న్యాయవాదిని అడగవలసిన మాట, సాటి సైకాలజిస్టుకు దానిపై ఎంత గట్టి అభిప్రాయం ఉన్నా సరే. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెంటికీ మధ్యన నడవడం తెలివి కాదు. వాళ్ళకు చెప్పిన వాస్తవాల్లో తేడా ఉందా, లేక విలువల్లోనే తేడా ఉందా అని చూడాలి. చాలాసార్లు మొదటిదే ఉంటుంది, ఒకరికి చెప్పిన ముక్క ఇంకొకరికి చెప్పి ఉండరు.

సంప్రదించినంత మాత్రాన బాధ్యత తీరదని చూపే అతి విషాదమైన ఉదాహరణ కాలిఫోర్నియాలోని టారాసాఫ్ కేసు. 1969లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక భారతీయ విద్యార్థి, తనను కాదన్న యువతిని చంపుతానని తన సైకాలజిస్టుకు చెప్పాడు. ఆ సైకాలజిస్టు ఒంటరిగా నిర్ణయించలేదు. ఇద్దరు సైకియాట్రిస్టులతో మాట్లాడి, అతన్ని ఆసుపత్రిలో ఉంచాలని క్యాంపస్ పోలీసులకు ఉత్తరం రాశాడు. పోలీసులు పట్టుకుని, మామూలుగానే ఉన్నాడని వదిలేశారు. తర్వాత విభాగాధిపతి ఆ ఉత్తరం ప్రతులను, చికిత్స నోట్సును నాశనం చేయమని, ఇంకేమీ చేయవద్దని ఆదేశించాడు. ఇంతమందికి తెలిసినా ఆ యువతికిగానీ ఆమె తల్లిదండ్రులకుగానీ ఎవరూ చెప్పలేదు. అక్టోబరులో ఆమె హత్యకు గురైంది. ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత చికిత్సకులకు ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును గోప్యత హద్దు గురించి చెప్పడానికి ఉదహరిస్తారు. నాకు అందులో కనిపించేది మరొకటి కూడా: సలహా తీసుకున్నాక, పై అధికారి వద్దన్నాక, ఇక నా పని అయిపోయిందని ప్రతి ఒక్కరూ అనుకున్న తీరు.

చిన్న ఊరి లెక్క వేరు

సంప్రదింపులో క్లయింటు ఎవరో తెలిసేలా వివరాలు చెప్పకూడదని, సలహాకు అవసరమైనంతే చెప్పాలని అమెరికన్ నియమావళిలోని 4.06 నిబంధన అంటుంది. హైదరాబాదు లాంటి మహానగరంలో పేరు తీసేస్తే సరిపోవచ్చు. మన జిల్లాల్లో సరిపోదు. కళాశాల ఏ రోడ్డులో ఉందో, తండ్రి తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లో పనిచేస్తాడని, అక్క పెళ్ళి కిందటేడు జరిగిందని చెబితే చాలు, అనంతపురంలోని సాటి సైకాలజిస్టుకు పేరు అక్కర్లేదు. ఆయన భార్య అదే కళాశాలలో లెక్చరర్ అయి ఉండవచ్చు. ఆయనకు చెడు ఉద్దేశం ఏదీ లేకపోయినా, మరుసటి వారం ఆ అమ్మాయిని చూసే చూపు మారుతుంది.

అలాగని వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చి చెప్పినా ప్రమాదమే. గుర్తుపట్టకుండా ఉండాలని 16 ఏళ్ళ అమ్మాయిని 19 ఏళ్ళని చెబితే, తండ్రికి చెప్పాలా వద్దా అన్న సలహా మొత్తం తారుమారవుతుంది. మైనర్ అన్నది, హాస్టల్లో ఉంటోందన్నది, ఇంట్లో అప్పుల ఒత్తిడి ఉందన్నది మార్చకూడనివి. ఊరు, తండ్రి పని, కళాశాల పేరు, ర్యాంకు అంకె అసలు చెప్పనక్కరలేనివి. ఫోన్ ఎత్తే ముందు ఐదు నిమిషాలు కూర్చుని ఈ రెండింటినీ కాగితం మీద విడదీసుకోవడం చిన్న పనే గాని, ఆ ఐదు నిమిషాలు తీసుకునేవారు అరుదు. నిపుణుల వాట్సాప్ గ్రూపుల్లో కేసు వివరాలు పెట్టి సలహాలు అడగడం ఈ మధ్య మామూలైపోయింది. అందులో ఎవరున్నారో, ఎవరు స్క్రీన్‌షాట్ తీస్తారో పెట్టినవారి చేతిలో ఉండదు కనుక అది సంప్రదింపుగా లెక్కకు రాదని నిర్మొహమాటంగా చెప్పాలి.

ఊరి బయటివారిని అడగడం దీనికి ఒక మార్గం. అనంతపురం నుంచి చికిత్స కోసం బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్ళే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సలహా కోసం సైకాలజిస్టులు కూడా అటు చూడవచ్చు, ఇప్పుడు వీడియో కాల్ చాలు. బెంగళూరులోని నిపుణుడికి ఆ అమ్మాయి మేనమామ తెలిసి ఉండే అవకాశం తక్కువ. కాని హాస్టల్ నుంచి ఆడపిల్లను ఇంటికి తీసుకొచ్చేస్తే చదువు ఆగి పెళ్ళి సంబంధాలు చూడటం మొదలవుతుందన్న భయం ఎంత నిజమో ఆయనకు తెలియకపోవచ్చు. అందుచేత కేసు వివరాలను దూరంగా ఉన్నవారితో మాట్లాడి, ఇక్కడి పరిస్థితుల గురించి స్థానికులైన పెద్దలను ఏ కేసునూ ప్రస్తావించకుండా అడగడం మంచిదని నా అభిప్రాయం.

చిన్న ఊళ్ళో ఇంకో చిక్కు, ఒకే మనిషితో రెండు మూడు సంబంధాలు ఉండటం. క్లయింటు భార్య మన పిల్లల టీచర్ అయి ఉంటుంది, కిరాణా కొట్టు యజమాని మన దగ్గరే చికిత్సకు వస్తాడు. అమెరికన్ నియమావళి సైతం ఇలాంటి సంబంధాలన్నిటినీ తప్పు పట్టదు. తీర్పు చెడిపోయే, క్లయింటును వాడుకునే, హాని జరిగే అవకాశం ఉన్నవాటినే వద్దంటుంది. పంట చేతికొచ్చాక రైతు అర సంచి శనక్కాయలు తెచ్చి వాకిట్లో పెడితే, నియమం పేరు చెప్పి తిప్పి పంపడం ఆయన మనసు నొప్పించి చికిత్సనే చెడగొట్టవచ్చు. అదే రైతు అన్నదమ్ముల ఆస్తి తగాదాలో తనకు అనుకూలంగా రిపోర్టు కావాలని అడిగిన వారంలో తెస్తే, ఆ సంచి అర్థం వేరు. నియమావళిలో శనక్కాయల ప్రస్తావన ఉండదు కనుక ఇలాంటివీ మరొకరితో మాట్లాడవలసిన విషయాలే. "నేను ఆమె మొగుణ్ణి, నాకు చెప్పకూడదా?" అని అడిగే భర్త విషయం అంత క్లిష్టం కాదు. ఆమె వయోజనురాలు, ఆమె ఒప్పుకోకపోతే, పైన చెప్పిన మినహాయింపు ఏదీ లేకపోతే, చెప్పకూడదు.

రాసిపెట్టడం, ముందే చెప్పడం

సంప్రదింపు జరిగిన రోజే దాన్ని రాసిపెట్టాలి. ఏ ప్రశ్న అడిగాం, ఏ వివరాలు చెప్పాం, ఏ సలహా వచ్చింది, చివరికి ఏం చేశాం, సలహాకు భిన్నంగా చేస్తే ఎందుకు చేశాం అన్నవి ఉంటే సరిపోతుంది. మన దేశంలో న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య జరిగిన మాటలకు సాక్ష్య చట్టంలో ఉన్న రక్షణ సైకాలజిస్టుకు లేదు, కోర్టు అడిగితే ఆ నోట్సు చూపవలసి రావచ్చు. తన వైద్య రికార్డులు చూసే హక్కు 2017 చట్టం 25వ సెక్షన్ కింద క్లయింటుకూ ఉంది. క్లయింటు చదివినా సిగ్గుపడనవసరం లేని భాషలో రాయడం అందుకే అవసరం.

వీటన్నిటికీ ముందు జరగవలసింది మొదటి సెషన్‌లోనే ఉంది. చాలా చోట్ల సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, రిసెప్షన్‌లో ఫీజు రసీదుతో పాటు సంతకం చేయించుకుంటారు. ఆ సంతకంతో ఎవరికీ ఏమీ తెలిసినట్టు కాదు. ఇంతటి మాట నోటితో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు: "మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో అపాయమనిపిస్తే దాన్ని ఆపడానికి కావలసినంత వరకు చెప్పవలసిన వాళ్ళకు చెబుతాను, అదీ వీలైనంతవరకు మీకు చెప్పాకే. చిన్నపిల్లల మీద లైంగిక దౌర్జన్యం సంగతి తెలిస్తే పోలీసులకు తెలపకుండా ఉండలేను. కోర్టు ఆదేశిస్తే జవాబు చెప్పాలి. నాకు తోచనప్పుడు మీ పేరు, ఊరు, మీరెవరో తెలిసే వివరాలు చెప్పకుండా ఇంకో నిపుణుణ్ణి సలహా అడుగుతాను. అది మీకు సమ్మతమేనా?"

చాలామంది సరేనంటారు. కొందరు, ముఖ్యంగా పేరున్న కుటుంబాలవారు, ఎవరితోనూ మాట్లాడవద్దంటారు. అప్పుడు ఏ భయంతో వద్దంటున్నారో అడగాలి. ఊళ్ళోవారి గురించే అయితే, జిల్లా బయటి నిపుణుణ్ణి మాత్రమే అడుగుతానని హామీ ఇవ్వవచ్చు. అయినా ఒప్పుకోకపోతే, ఎవరినీ అడగకుండా ఈ సమస్యను మోయగలనా అని సైకాలజిస్టు తనను తాను ప్రశ్నించుకోవాలి. మోయలేననిపిస్తే ఆ మాట మొదటి వారంలోనే చెప్పి, తగిన మరొకరి దగ్గరకు పంపాలి.